పెంపుడు ఎలుకకు ట్రైనింగ్: విజయనగరం, శ్రీకాకుళం వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మన ఉత్తరాంధ్రలో ఎలుక అంటే గాదెకూ, పొలం గట్టుకూ శత్రువు. అందుకే ఇంట్లో ఎలుకల్ని పెంచుతున్నాం, వాటికి ఆటలు నేర్పుతున్నాం అనగానే ముందు నవ్వుతారు, ఆ తర్వాత ప్రశ్నలు మొదలుపెడతారు. అలా మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఒకచోట పెట్టాను. ఇందులో కొట్టడం, బెదిరించడం, పస్తు పెట్టడం ఉండవు. మనకు కావలసిన పని ఎలుక చేసిన క్షణంలోనే దానికి ఇష్టమైనది ఇస్తాం. ఆ పని మళ్లీ చేయాలని దానికే అనిపిస్తుంది. పాజిటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ అంటే ఇంతే.

ఎలుకకు నిజంగా ట్రైనింగ్ ఎక్కుతుందా?

ఎక్కుతుంది. అసలు ఈ పద్ధతిలోని సూత్రాలు చాలావరకు ఎలుకల దగ్గరే తేలాయి. 1930లలో బి.ఎఫ్. స్కిన్నర్ అనే అమెరికా శాస్త్రవేత్త, మీట నొక్కితే తిండి పడే పెట్టెలో ఎలుకల్ని ఉంచి గమనించాడు. కుక్కలకూ డాల్ఫిన్లకూ ఇదే పద్ధతిలో నేర్పడం ఆ తర్వాతి మాట. 2019లో అమెరికాలోని రిచ్‌మండ్ యూనివర్సిటీ వాళ్లు ప్లాస్టిక్ డబ్బాకు చక్రాలు బిగించిన బుల్లి కారు నడపడం ఎలుకలకు నేర్పారు. అదే ఏడాది బెర్లిన్‌లో వాటికి దాగుడుమూతలు నేర్పారు. అక్కడ బహుమతిగా తిండి కూడా పెట్టలేదు, చక్కిలిగిలి పెట్టి ఆడించారు.

కంబోడియాలో మందుపాతరలు పసిగట్టి 2020లో బంగారు పతకం అందుకున్న మగావా గురించి వినే ఉంటారు. అది ఆఫ్రికాకు చెందిన పెద్ద సంచి బుగ్గల ఎలుక, మన పెంపుడు జాతి కాదు. దానికి నేర్పింది మాత్రం క్లిక్ శబ్దంతో, తిండి ముక్కతోనే.

ఇంట్లో బోనులో పడిన ఎలుకను మచ్చిక చేసుకోవచ్చా?

వద్దు. ఎలుక జ్వరం, అంటే లెప్టోస్పైరోసిస్, వాటి మూత్రం ద్వారా మనుషులకు వస్తుంది. పైగా బయట పుట్టి పెరిగిన ఎలుకకు మనిషి అంటే ప్రాణభయం. దాన్ని పంజరంలో పెట్టి మచ్చిక చేస్తాననడం దానికి రోజూ శిక్షే. పెంపుడు ఎలుకలు నార్వే ఎలుక జాతివి. వందేళ్లకు పైగా తరతరాలుగా మనుషుల చేతుల్లో పుట్టి పెరిగిన సంతతి.

ఆక్వేరియం షాపులో తెల్ల ఎలుకలు అమ్ముతున్నారు. అవే తెచ్చుకోవచ్చా? ఒకటి చాలదా?

ముందు అది ఎలుకో, చిట్టెలుకో చూసుకోండి. షాపువాళ్లు రెండింటినీ తెల్ల ఎలుకనే అంటారు. పెద్దయిన చిట్టెలుక 20 నుంచి 40 గ్రాములుంటే, పెద్దయిన ఎలుక పావు కిలో నుంచి అర కిలో దాకా తూగుతుంది. పిల్లగా ఉన్నప్పుడు తల, పాదాలు శరీరానికి మించి పెద్దగా కనిపిస్తే అది ఎలుక పిల్ల.

ఒకటి చాలదు. ఎలుకలు గుంపు జీవులు. ఒంటరిగా ఉన్నది దిగులుతో మూల చేరుతుంది, అలాంటిదానికి మీరు ఏం నేర్పినా నామమాత్రమే. రెండు ఆడవి గానీ రెండు మగవి గానీ తెచ్చుకోండి. షాపులో ఆడా మగా ఒకే డబ్బాలో కలిపి ఉంచుతారు. అయిదు వారాల వయసుకే వాటికి కడుపొచ్చే అవకాశం ఉంది, 21 నుంచి 23 రోజుల్లో ఈనేస్తుంది. ఒక్క కాన్పులో పదీ పన్నెండు పిల్లలు మామూలే. ‘రెండు తెచ్చాం, పద్నాలుగయ్యాయి, ఎవరికైనా కావాలా?’ అని కబురు పెట్టేవాళ్ల కథ ఇదే.

తెచ్చిన రోజు నుంచే మొదలుపెట్టాలా?

మొదటి రెండు మూడు రోజులు వదిలేయండి. మీ గొంతు, ఇంటి వాసనలు, మిక్సీ మోత, కుక్కర్ విజిల్ అలవాటు కావాలి. మీరు కట్టి విడిచిన పాత కాటన్ బట్ట ఒకటి పంజరంలో పడేయండి. ఎలుక లోకాన్ని ముక్కుతో చూస్తుంది. మీ వాసనతో పడుకుని లేచిన ఎలుకకు మీ చెయ్యి కొత్తగా అనిపించదు.

చెయ్యి పెట్టగానే పారిపోతోంది. ఎలా దగ్గర చేసుకోవాలి?

అందరికీ చెప్పేది ఒక్కటే: ఎలుక చేతి దగ్గరకు రావాలి గానీ, చెయ్యి ఎలుక వెంట పడకూడదు. ఇది కుదిరితే మిగతా ట్రైనింగంతా తేలిక. ఇది కుదరకుండా ఎన్ని ఆటలు నేర్పబోయినా టెన్షనే మిగులుతుంది, దానికీ మీకూ.

పొడుగు స్పూన్ చివర కాస్త పెరుగు రాసి పంజరం తలుపు దగ్గర కదలకుండా పట్టుకోండి. ముక్క పెడితే నోట కరుచుకుని గూట్లోకి ఉరుకుతుంది. పెరుగైతే నాకాలంటే అక్కడే నిలబడాలి. ముందు మెడ సాగదీసి, వెనక కాళ్లు మాత్రం పారిపోవడానికి సిద్ధంగా దూరంగా ఉంచి నాకుతుంది. శరీరం అలా సాగి ఉన్నంతసేపూ అది ఇంకా భయపడుతోందని అర్థం. వెనక కాళ్లు కూడా ముందుకొచ్చి నింపాదిగా కూర్చుని నాకిందంటే, అప్పుడు స్పూన్‌ను కొంచెం పొట్టిగా పట్టుకోండి. కొన్నాళ్లకు వేలి మీద, ఆ తర్వాత అరచేతిలో. అరచేతిలోకి ఎక్కినా వెంటనే పైకి ఎత్తకండి. దిగిపోవాలంటే దిగిపోనివ్వండి. దిగే దారి ఉందని తెలిసిన ఎలుకే మళ్లీ ఎక్కుతుంది.

తోక పట్టుకుని ఎప్పుడూ ఎత్తకూడదు. తోక మీది చర్మం ఒలిచినట్టు ఊడి వచ్చేస్తుంది.

క్లిక్కర్ (నొక్కితే టక్ మనే చిన్న పరికరం) కొనాలా?

అక్కర్లేదు. టక్కున నొక్కే బాల్‌పెన్ చాలు. ఎలుక చెవికి క్లిక్కర్ మోత కాస్త ఎక్కువే కూడా. ఆ శబ్దానికి ‘ఇదిగో, ఇప్పుడు చేశావే, అదే కావాలి’ అని అర్థం. ట్రీట్ అందించేలోపు ఎలుక ఇంకో రెండు పనులు చేసేస్తుంది కాబట్టి, ఏ పనికి బహుమతో దానికి తెలియాలంటే ఆ క్షణంలోనే గుర్తు వినిపించాలి. మొదట పదిహేను, ఇరవై సార్లు ఏ పనీ అడగకుండా టక్ అనిపించి ట్రీట్ ఇవ్వండి. శబ్దం వినగానే మీ చేతివైపు తిరిగి వెతికిందంటే దానికి అర్థమైనట్టే. ఆ తర్వాత టక్ అన్న ప్రతిసారీ ట్రీట్ ఇచ్చి తీరాలి, పొరపాటున నొక్కినా సరే.

ట్రీట్‌గా ఏం పెట్టాలి?

మన వంటింట్లో ఉన్నవే చాలు. ఒక ముర్రీ (మరమరాల) గింజ, రెండు అటుకులు, ఉడికిన బఠాణీలో సగం, కోడిగుడ్డు తెల్లసొన, అరటిపండు, పుచ్చకాయ. ఒక్కో ముక్క బియ్యపు గింజంత ఉండాలి. పెద్ద ముక్క ఇస్తే దాచుకోవడానికి పరుగెడుతుంది, మీరు పెన్ను పట్టుకుని కూర్చోవాలి. కష్టమైన పని నేర్పే రోజుకు పలాస జీడిపప్పు దాచుకోండి. ఉప్పూ కారం వేసి వేయించనిది, రవ్వంత మాత్రమే. రోజూ అదే పెడితే ఎలుక గుమ్మడికాయవుతుంది.

ముర్రీ మిక్చర్, జంతికలు, చాక్లెట్, కూల్‌డ్రింక్ వద్దు. బూజు వాసన వేసే వేరుశనగ గింజలు అసలు వద్దు. మగ ఎలుకలకు కమలా, బత్తాయి తొక్కలు పెట్టకండి. పాకం, చలిమిడి, వేరుశనగ ముద్దలాంటి జిగురు పదార్థాలు గొంతులో అడ్డుపడితే ప్రమాదం, ఎందుకంటే ఎలుకకు కక్కుకోవడం చేతకాదు.

కొత్త తిండిని ట్రైనింగ్‌లో మొదటిసారి పెట్టకండి. ముందు గిన్నెలో ఒక ముక్క వేసి వదిలేయండి. ఎలుక కొత్తదాన్ని కొంచెం కొరికి ఆగి చూస్తుంది, ఒంట్లో తేడా చేస్తే ఆ రుచి జోలికి మళ్లీ పోదు. దీన్ని జాన్ గార్సియా అనే శాస్త్రవేత్త 1950లలో ఎలుకల మీదే నిరూపించాడు. మన వరి రైతులకైతే ఎవరూ చెప్పక్కర్లేదు. జింక్ ఫాస్ఫైడ్ అనే ఎలుకల మందు కలిపే ముందు ఒకటి రెండు రోజులు ఉత్త నూకల్ని నూనెతో కలిపి కన్నాల దగ్గర పెడతారు కదా, ఆ అనుమానం తీర్చడానికే. పొలంలో మందు పెట్టడానికి వాడే తెలివే ఇంట్లో ట్రీట్ అలవాటు చేయడానికీ పనికొస్తుంది.

ఆకలిగా ఉంటే త్వరగా నేర్చుకుంటుంది కదా, ఒక పూట మాన్పించనా?

వద్దు. రాత్రి తిండి పెట్టే ముందు నేర్పండి, ఆ మాత్రం ఆకలి చాలు. నీళ్లు మాత్రం ఎప్పుడూ తీయకూడదు.

రోజుకు ఎంతసేపు? ఏ వేళప్పుడు?

అయిదు నిమిషాలు, రోజుకు ఒకటి రెండు సార్లు. ఇంకా చేస్తానంటున్నప్పుడే ఆపేయడం మంచిది. ఎలుకలు సాయంత్రం చీకటి పడ్డాక, తెల్లవారుజామున హుషారుగా ఉంటాయి. మధ్యాహ్నం లేపి నేర్పితే నిద్రమత్తులో చేసేది ఏమీ ఉండదు.

ఎండాకాలం మాట వేరే చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండకు తోడు ఉక్కపోత. ఎలుకకు మనలా చెమట పట్టదు, వేడి చాలావరకు తోకలోంచే పోవాలి. గదిలో 30 డిగ్రీలు దాటితే ఆటలు ఆపేయండి. నీళ్ల సీసాను ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, బట్ట చుట్టి పంజరంలో పెట్టండి. ఒక మట్టి కుండను తడిపి పక్కకు పడుకోబెడితే అందులో దూరి పడుకుంటాయి. కరెంటు పోయి ఫ్యాన్ ఆగిన మధ్యాహ్నాలు మరీ జాగ్రత్త. చొల్లు కారుస్తూ, సోలిపోతూ, నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే వడదెబ్బే. చల్లటి తడిబట్టతో తోకా పాదాలూ తుడుస్తూ వెంటనే డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లాలి. ఐసు నీళ్లలో మాత్రం ముంచకండి.

మొదట ఏ ఆట నేర్పాలి?

ఆట కాదు, కర్ర ముట్టుకోవడం నేర్పండి. ఐస్‌క్రీమ్ పుల్ల చివర రంగు దారం చుట్టి ఎలుక ముందు పెట్టండి. కొత్త వస్తువు కాబట్టి వాసన చూడ్డానికి ముక్కు తగిలిస్తుంది. టక్, ట్రీట్. నాలుగైదు సార్లయ్యాక పుల్లను కొంచెం పక్కకు జరపండి, తర్వాత ఇంకాస్త దూరం. పుల్ల ఎటుపోతే అటు నడిచే ఎలుకకు ఇక ఏదైనా నేర్పొచ్చు: గుండ్రంగా తిరగడం, నిచ్చెన ఎక్కడం, రింగులోంచి దూకడం.

నన్నడిగితే వీటన్నిటికన్నా విలువైనవి మూడు పనులు. తనంతట తాను ప్రయాణపు బుట్టలోకి ఎక్కడం, వంటింటి డిజిటల్ తక్కెడ మీది గిన్నెలో కూర్చోవడం, సూది లేని సిరంజి నుంచి నాకడం. వీడియోలో చూడ్డానికి ఏమంత బాగుండవు. కానీ వారం వారం బరువు చూస్తుంటే జబ్బు ముందే బయటపడుతుంది, ఎందుకంటే ఎలుక నలతను బాగా దాస్తుంది. సిరంజిలో అప్పుడప్పుడూ పల్చటి పెరుగు నాకించి ఉంచితే, మందు వేయాల్సిన రోజున ఇద్దరు మనుషులు పట్టుకోవాల్సిన అవసరం రాదు.

కాగితం ఉండను గిన్నెలో వేసే ఆట ఎలా నేర్పాలి?

చాలామందికి ఇదే ఇష్టం. ఎలుకకు గూటి కోసం కాగితాలు మోసుకెళ్లడం పుట్టుకతో వచ్చిన అలవాటు, కాబట్టి సగం పని అయిపోయినట్టే. మిగతా సగమే చిక్కు: పట్టుకుంటుంది గానీ వదలదు.

చిన్న స్టీలు గిన్నె ముందు పెట్టి, పక్కనే కాగితం ఉండ వేయండి. ముక్కు తగిలిస్తే టక్, ట్రీట్. అది బాగా వచ్చాక ముట్టుకున్నందుకు ఇవ్వడం మానేయండి. ఎలుక ఒక్క క్షణం మీ వంక చూసి, ‘ఏమైంది?’ అన్నట్టు ఉండను ఇంకా గట్టిగా తడుముతుంది, పళ్లతో పట్టుకుంటుంది. అప్పుడు టక్. ఈసారి ట్రీట్‌ను గిన్నె మీదుగా, గిన్నె నడిమధ్యకు వచ్చేలా అందించండి. దాన్ని అందుకోవాలంటే నోరు తెరవాలి, తెరిస్తే ఉండ జారి గిన్నెలో పడుతుంది. మొదట్లో ఇది కాకతాళీయంగానే పడుతుంది. ఇక మీదట ఉండ గిన్నెలో పడ్డ చప్పుడుకే పెన్ను నొక్కండి. బయట పడితే ఏమీ అనకండి, ఏమీ ఇవ్వకండి. కొన్ని ప్రయత్నాల తర్వాత ఒకసారి ఉండ గిన్నె అంచుకు తగిలి బయట పడుతుంది, ఎలుక దాన్ని మళ్లీ తీసి లోపల వేస్తుంది. దానికి విషయం అర్థమైందని మీకు తెలిసేది అక్కడే. జీడిపప్పు అప్పుడు తీయండి. ఆ తర్వాతే గిన్నెను జానెడు దూరం జరపండి.

ఎక్కడైనా ఆగిపోతే, అంతకు ముందు చేయగలిగిన మెట్టుకు దిగి రండి.

పేరు పిలిస్తే వస్తుందా?

వస్తుంది. రెండక్షరాల పేరు పెట్టి, కాస్త సన్నటి గొంతుతో పిలవండి. ఎలుకలకు మనకు వినిపించని పైస్థాయి శబ్దాలు కూడా వినిపిస్తాయి, కింది స్థాయి బొంగురు గొంతు అంతగా ఆనదు. పిలిచి, ట్రీట్ ఇచ్చి, మళ్లీ ఆడుకోవడానికి వదిలేయండి. పిలిచిన ప్రతిసారీ పట్టుకుని పంజరంలో వేస్తే రావడం మానేస్తుంది.

ఎర్ర కళ్ల తెల్ల ఎలుక తల అటూ ఇటూ ఊపుతోంది. జబ్బా?

కాదు. వాటికి చూపు బాగా తక్కువ. దూరం అంచనా వేసుకోవడానికి అలా ఊగుతాయి. వీటికి చేతి సైగలకన్నా శబ్దంతో, వాసనతో నేర్పండి. ఊగకుండా, తల ఒక పక్కకే వాలిపోయి తిరుగుతుంటే మాత్రం చెవిలో ఇన్ఫెక్షన్ కావచ్చు, డాక్టర్‌కు చూపించాలి.

కొరుకుతోంది. ఏం చేయాలి?

ఎందుకు కొరుకుతోందో చూడండి. ఊచల మధ్య నుంచి తిండి అందించే ఇళ్లలో, ఊచల్లోంచి వచ్చినదల్లా తిండే అనుకుని వేలు పట్టేస్తుంది. ఆ అలవాటు మానితే సగం పోతుంది. పకోడీ తిన్న చేతిని కడుక్కుని వెళ్తే ఇంకాస్త పోతుంది. భయంతో కొరికితే మళ్లీ స్పూన్ దగ్గర మొదలుపెట్టండి. ఆరు నెలలు దాటిన మగ ఎలుక వెంట్రుకలు నిక్కబొడుచుకుని, అడ్డంగా తిరిగి మీదికొస్తుంటే అది వయసు ప్రభావం. డాక్టర్‌తో మాట్లాడాల్సిన విషయం అది. ఎప్పుడూ కొరకనిది ఉన్నట్టుండి కొరికితే ఎక్కడో నొప్పి ఉందేమో చూడండి.

ముక్కు మీద కొట్టడం, మొహం మీద ఊదడం చేయకండి. ‘కొరికాను కాబట్టి కొట్టారు’ అని ఎలుక లెక్కేసుకోదు. ‘ఈ చెయ్యి వస్తే దెబ్బ’ అని మాత్రం బాగా గుర్తు పెట్టుకుంటుంది.

వైర్లు కొరకడం ఎలా మాన్పించాలి?

మాన్పించలేం. పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, ఏదో ఒకటి కొరకాల్సిందే. ఛార్జర్లు ఎత్తున పెట్టి, జామ కొమ్మో కొబ్బరి చిప్పో ఇవ్వండి. పక్క వాటాలో ఎలుకల మందు పెట్టారేమో కూడా కనుక్కోకుండా వరండాలోకి వదలకండి.

ఒకేచోట పోయడం, ఏరగడం నేర్పొచ్చా?

ఏరగడం వరకు నేర్పొచ్చు. అది ఎంచుకున్న మూలలోనే చిన్న ట్రే పెట్టి, కాగితం ముక్కలు వేసి, బయట పడినవి కూడా అందులోకే మార్చండి. ట్రేలో కూర్చున్నప్పుడు టక్, ట్రీట్. మూత్రం చుక్కలు మాత్రం అక్కడక్కడా వదులుతూనే ఉంటుంది, అది గుర్తులు పెట్టుకునే పద్ధతి. టింబర్ డిపో రంపపు పొట్టు వాడకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు పడదు.

రెండింటికీ కలిపి నేర్పొచ్చా?

విడివిడిగా నేర్పండి. ఒకదానికి టక్ అంటే ఇంకోటి వచ్చి ట్రీట్ లాక్కుంటుంది.

నిన్నటిదాకా బాగా చేసింది, ఇవాళ చేయట్లేదు.

ఆడ ఎలుక అయితే నాలుగైదు రోజులకోసారి ఎదకొచ్చి ఆ రాత్రి నిలకడగా ఉండదు, రేపు చూసుకోండి. కడుపు నిండి ఉండొచ్చు. మీరే ఒక మెట్టు దాటేసి ఉండొచ్చు. కానీ ముక్కు, కళ్ల చుట్టూ ఎర్రటి జిగురు కనిపిస్తే ఆగండి. అది రక్తం కాదు, ఒంట్లో బాగోలేనప్పుడూ బెదిరినప్పుడూ ఎక్కువగా కారే ఒక స్రావం. దానితోపాటు తుమ్ములు, ఊపిరిలో గురగుర ఉంటే ఆలస్యం చేయొద్దు. శ్వాస జబ్బులు ఎలుకలకు చాలా మామూలు, ముదిరితే తిప్పుకోలేవు. మన జిల్లాల్లో పశువైద్యులు ఎక్కువగా ఆవులు, మేకలు, కుక్కల్ని చూసేవాళ్లే. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, విశాఖలో పెంపుడు జంతువుల క్లినిక్‌లున్నాయి. ఎక్కడికైనా ముందు ఫోన్ చేసి ఎలుకను చూస్తారో లేదో కనుక్కుని బయల్దేరండి. ఈ పని జబ్బు రాకముందే చేసి పెట్టుకోవాలి.

ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోవట్లేదు.

‘ఎలక్కి సదువేటి, మనకి పనేటి?’ అనే మామ్మలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. వాదించకండి. పంజరం వంటింటికీ దేవుడి గదికీ దూరంగా పెట్టి, రోజూ తుడిచి వాసన రాకుండా చూసుకుంటే సగం అభ్యంతరం తగ్గుతుంది. కాగితం ఉండ ఆట ఒకసారి చూపించండి, మిగతా సగం సంగతి చూద్దాం. అప్పటికీ ఇంట్లో ఎవరికైనా నిజంగా భయమైతే, పెంచకపోవడమే న్యాయం.

పిల్లలతో నేర్పించొచ్చా?

పెద్దవాళ్లు పక్కన ఉంటే. నేల మీద కూర్చునే నేర్పాలి, నిలబడి పట్టుకుంటే జారి పడుతుంది. ముందూ తర్వాతా సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ముద్దులు పెట్టకూడదు. ఎలుక కరిచాక జ్వరం వస్తే, ఎలుక కరిచిందన్న మాట డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి.

వినాయక చవితి మండపంలో మా మూషికంతో ఆటలు ఆడించమంటున్నారు. తీసుకెళ్లమంటారా?

తీసుకెళ్లకండి. మైకు సెట్లు, డప్పులు, టపాసులు, వందమంది చేతులు. ఇంట్లో అద్భుతంగా చేసే ఎలుక అక్కడ బిగుసుకుపోతుంది, లేదా దూకి పారిపోతుంది. సిరిమాను జాతర రోజుల్లో, దీపావళికి కూడా పంజరాన్ని లోపలి గదిలోకి మార్చి, మీద దుప్పటి కప్పి, గాలి ఆడేలా ఒక పక్క తెరిచి ఉంచాలి. మండపం వాళ్లు మరీ బలవంతం చేస్తే ఇంట్లో తీసిన వీడియో పంపించండి, తెర మీద వేసుకుంటారు.